అల కూడా పడవలో భాగమే

1912 ఏప్రిల్ 10 మధ్యాహ్నం టైటానిక్ సౌతాంప్టన్ రేవు వదిలింది. మంచుకొండకు ఇంకా నాలుగు రోజులుంది. గట్టుకు కట్టేసి ఉన్న న్యూయార్క్ అనే ఓడ పక్కనుంచి పోతుంటే, ఆ ఓడ మోకులు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. కట్టు తెగిన ఓడ వెనకభాగం టైటానిక్ మీదికి కొట్టుకొచ్చింది. కొద్ది అడుగుల ఎడం మిగిలిందనగా టగ్గులు లాగి ఆపాయి. టైటానిక్ దేన్నీ తాకలేదు, వేగంగానూ పోవడం లేదు. అంతటి ఓడ ఇరుకు నీళ్లలో కదిలితే పక్కనున్న నీళ్లు అటూ ఇటూ జరుగుతాయి, వాటితోపాటు పక్కనున్న ఓడలూ జరుగుతాయి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో దాని జంట ఓడ ఒలింపిక్ పక్కన పోతున్న హాక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఇలాగే దారి తప్పి, ఒలింపిక్ డొక్కలో గుద్దింది.

ఒక పడవ ఇంకో పడవను దాటిపోవడంలో రెండు ప్రశ్నలున్నాయి. ఎవరు తప్పుకోవాలన్నది మొదటిది. తాకకుండానే దాటినా, నా వల్ల లేచిన నీళ్లు నీ పడవను ఏం చేశాయన్నది రెండోది. మొదటిదానికి ప్రపంచమంతా కలిసి నూటయాభై ఏళ్లుగా జవాబు రాసుకుంటూ వచ్చింది, అది బాగానే ఉంది. రెండోదాన్ని చాలాచోట్ల మర్యాదకు వదిలేశారు. చిన్న పడవల వాళ్లు రోజూ పడే బాధ మాత్రం రెండోదాని వల్లే ఎక్కువ.

తప్పుకునే నియమాలు ఆవిరి ఓడలతో పుట్టాయి. తెరచాప ఓడలకు గాలే సగం చట్టం, గాలిని బట్టి ఎవరు తప్పుకోవాలో నావికులకు వాడుకలోనే తెలుసు. ఆవిరి ఓడ ఎటైనా తిరగగలదు కాబట్టి ఎటు తిరగాలో ముందే చెప్పాల్సి వచ్చింది. ఎదురెదురుగా వచ్చిన ఆవిరి ఓడలు ఒకదానికొకటి ఎడమ పక్కలు చూపించుకుంటూ పోవాలని 1840లో లండన్ ట్రినిటీ హౌస్ రాసింది. 1863లో బ్రిటన్, ఫ్రాన్సుతో సంప్రదించి నియమావళి తయారుచేస్తే, ఏడాది తిరిగేసరికి ముప్పైకి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 1972లో కుదిరి, 1977 జూలై 15న అమల్లోకి వచ్చిన నియమావళి. నావికులు కోల్‌రెగ్స్ అంటారు.

అందులో దాటడానికి సంబంధించిన సారం సులువే. ఎదురుపడితే ఇద్దరూ కుడికి తిరగాలి. దారులు అడ్డంగా కలిస్తే, ఎవరికి కుడివైపున రెండోవాడు కనిపిస్తున్నాడో వాడు తప్పుకోవాలి. వెనకనుంచి వచ్చి దాటిపోయేవాడైతే, వాడి పడవ పెద్దదైనా చిన్నదైనా, యంత్రమైనా తెరచాపైనా, తప్పుకునే బాధ్యత వాడిదే. పూర్తిగా దాటి దూరమయ్యేదాకా ఆ బాధ్యత తీరదు. ఇరుకు కాలువలో ఎవరి కుడిగట్టు వారగా వాళ్లు పోవాలి. రోడ్డు మీద ఎడమన నడిచే మనకు ఇది తిరగేసిన అలవాటు. పొద్దున ఆటో నడిపి సాయంత్రం బోటు తోలేవాడికి కంగారులో చెయ్యి ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

కూతలకూ ఒక భాష ఉంది. ఒక పొట్టి కూత అంటే కుడికి తిరుగుతున్నాను, రెండంటే ఎడమకు, మూడంటే యంత్రం వెనక్కి నడుపుతున్నాను. ఇరుకు దారిలో ముందువాడు జరిగితేనే దాటగలమనుకుంటే రెండు పొడుగు కూతలు వేసి, కుడి పక్కనుంచైతే ఒక పొట్టి కూత, ఎడమ పక్కనుంచైతే రెండు కలపాలి. ముందువాడికి ఇష్టమైతే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని జవాబిచ్చి చోటిస్తాడు. ఇష్టం లేకపోయినా, అనుమానం వచ్చినా అయిదు పొట్టి కూతలు గబగబా వేస్తాడు. ఈ నియమంలో నాకు నచ్చేది, దాటడాన్ని అది అనుమతి అడిగి చేసే పనిగా చూడడం. మన హైవే మీద లారీ వెనక రాసే ‘హారన్ ప్లీజ్’లోనూ ఆ మర్యాద ఉండేది. హారన్ కొట్టడం మిగిలింది, జవాబు కోసం ఆగడం పోయింది.

నియమావళిలో ఒక మెలిక ఉంది, తగాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. బహిరంగ సముద్రంలో యంత్రపు ఓడ తెరచాప పడవకూ, వల లాగుతున్న పడవకూ దారి ఇవ్వాలి. అదే ఇరుకు కాలువలోకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఆ కాలువలో తప్ప ఇంకెక్కడా నడవలేని పెద్ద ఓడకు చిన్న పడవ గానీ, తెరచాప పడవ గానీ, చేపల పడవ గానీ అడ్డం రాకూడదు. కారణం సబబైనదే. లోతు తక్కువైనచోట పెద్ద ఓడ పక్కకు జరిగితే నేల తగులుతుంది. ఆగమన్నా వెంటనే ఆగదు. అయితే ‘అడ్డం రాకూడదు’ అంటే పెద్ద ఓడకు ఏం చేసినా చెల్లుతుందని కాదు. చూస్తూ నడవాలి, పరిస్థితికి తగిన వేగంలోనే నడవాలి అన్న నియమాలు ఓడ సైజును బట్టి మారవు. ఒడ్డున వినిపించే ‘పెద్దదానికే దారి’ అనే సూత్రం ఈ మెలికను సగమే విని కట్టుకున్నది.

నదుల్లో ఇంకొకటి కలుస్తుంది. ప్రవాహం. వాలుకు వస్తున్న పడవను నీళ్లే తోస్తాయి, చుక్కాని సరిగా పట్టదు, ఆపడం కష్టం. ఎదురెక్కుతున్న పడవ యంత్రం తగ్గిస్తే చాలు, ఉన్నచోటే నిలబడగలదు. కాబట్టి మిసిసిపీ వంటి అమెరికా నదుల్లో వాలుకు వచ్చేదానికే దారి. రైన్ నదిలో ఎగువకు పోతున్న ఓడ, దిగువకు వచ్చేదానికి ఏ పక్కన చోటిస్తుందో తనే ముందు చెప్పాలి. మామూలుకు భిన్నంగా కుడి పక్కలు చూపించుకుంటూ దాటుకోవాలనుకుంటే కుడివైపున నీలం పలక ఎత్తి, మధ్యలో తెల్ల దీపం మినుకుమనిపిస్తుంది. ఎదురువాడూ పలక ఎత్తితే ఒప్పందం కుదిరినట్టు. గోదావరి సరంగుకు రైన్ పలక తెలియనక్కర్లేదు. వరదనీటిలో వాలుకు దిగే లాంచీని చూసి ఎగువకు పోయేవాడు గట్టువారకు ఒదుగుతాడు. అది చట్టం నేర్పిన పని కాదు, నీళ్లు నేర్పిన పని.

మరి నియమాలు ఇంత చక్కగా ఉంటే ప్రమాదాలెందుకు? 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున లండన్ థేమ్స్‌లో ఇసుక తవ్వే బౌబెల్ అనే ఓడ, పుట్టినరోజు వేడుక జరుగుతున్న మార్షనెస్ అనే పడవను వెనకనుంచి గుద్దింది. రెండూ దిగువకే పోతున్నాయి. 51 మంది చనిపోయారు. పెద్ద ఓడ నడిపేవాళ్లకు ముందు ఏముందో సరిగా కనిపించలేదు, చిన్న పడవలో వెనక్కి చూసేవాళ్లు లేరు. 2019 మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద, మార్గరెట్ వంతెన దగ్గర, 135 మీటర్ల వైకింగ్ సిగిన్ అనే ఓడ, 27 మీటర్ల హబ్లెయాన్ అనే పడవ‌ను వెనకనుంచి గుద్దింది. చిన్న పడవలో 35 మంది. వాళ్లలో ఎక్కువమంది దక్షిణ కొరియా యాత్రికులు. సెకన్లలో మునిగింది, ఏడుగురే బతికారు. 2020 జూన్ 29న ఢాకా బురిగంగలో మయూర్-2 అనే పెద్ద లాంచీ మార్నింగ్ బర్డ్ అనే చిన్నదాన్ని గుద్దితే ముప్పై మందికి పైగా పోయారు. 2021 సెప్టెంబరులో బ్రహ్మపుత్ర మీద నిమాతి ఘాట్ దగ్గర ప్రభుత్వ ఫెర్రీ, ప్రైవేటు పడవ ఢీకొన్నాయి. తిరగబడింది ప్రైవేటు పడవే. 2024 డిసెంబరు 18న ముంబై రేవులో నౌకాదళపు స్పీడ్ బోటు, ఎలిఫెంటాకు పోతున్న నీల్‌కమల్ ఫెర్రీని ఢీకొట్టింది. అక్కడ మాత్రం లెక్క తిరగబడి, చిన్నది పెద్దదాన్ని ముంచింది. 15 మంది చనిపోయారు. బోటు ఇంజను పరీక్ష జరుగుతోందని నౌకాదళం చెప్పింది. జనం తిరిగే నీళ్లలో వేగం పరీక్షించాల్సిన అవసరం ఏమొచ్చిందని అడగాలనిపిస్తుంది.

వీటిలో దేనికీ కొత్త నియమం అక్కర్లేదు. ఉన్నవి పాటిస్తే సరిపోయేది. అందుకే మొదటి ప్రశ్న తీరిందంటున్నాను. ఇక రెండోది.

పడవ లేపే అలను దగ్గరగా చూద్దాం. లంక గట్టున చిన్న నావ. ఒకడు ఒక చేత్తో తెడ్డు పట్టుకుని రెండో చేత్తో వల లాగుతున్నాడు. ఎగువనుంచి లాంచీ పోతోంది, పైన పాట మోగుతోంది. లాంచీ ఎదురుగా వచ్చేసరికి గట్టు దగ్గర నీళ్లు ముందు తగ్గుతాయి, బురద బయటపడుతుంది, నావ నది లోపలికి లాగినట్టు జరుగుతుంది. తర్వాత అల వస్తుంది. మొదటి అల కాదు, రెండోదీ మూడోదీ బలంగా ఉంటాయి. నావ అడ్డంగా ఉంటే అంచుమీదుగా నీళ్లు దూకుతాయి. వాడు వల వదిలేసి తెడ్డు అందుకుని నావ మొనను అల వైపు ఏటవాలుగా తిప్పుకోవాలి. వల బెండ్లు చెల్లాచెదురవుతాయి. ఇదంతా జరిగేసరికి లాంచీ మలుపు తిరిగి కనపడదు. లాంచీలో ఎవరికీ ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ అసలు చిక్కు: తప్పు చేసినవాడు వెనక్కి చూడడు, చూసినా అల గట్టుకు చేరేసరికి దూరమైపోతాడు.

ఈ అల లెక్కలు పందొమ్మిదో శతాబ్దంలోనే తేలాయి. 1834లో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ హఠాత్తుగా ఆగింది. దాని ముందున్న నీటి గుట్ట మాత్రం ఆగకుండా విడిపోయి ముందుకు సాగింది. జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు గుర్రమెక్కి దాన్ని ఒకటి రెండు మైళ్లు తరిమాడు. కాలువలో నీటి లోతును బట్టి అలకు ఒక వేగం ఉంటుంది. రెండు మీటర్ల లోతులో అది గంటకు సుమారు 16 కిలోమీటర్లు. పడవ ఆ వేగానికి దగ్గరపడితే నీళ్లు పక్కకు తప్పుకోలేక ముందు గుట్టపడతాయి. ఇంజను ఎంత గొంతు చించుకున్నా వేగం పెరగదు, అలే పెరుగుతుంది. లోతైన నీళ్లలో ఇంకో సంగతి. పడవ వేగం రెట్టింపైతే దాని వెనక అల పొడుగు నాలుగింతలవుతుంది. పది మీటర్ల పడవ గంటకు 14 కిలోమీటర్ల దగ్గర తన ఒంటి పొడుగంత అలను కంటుంది, అక్కడినుంచి తన అల ఎక్కలేక తనే అవస్థపడుతుంది.

బోటు తోలేవాళ్లలో ఎక్కువమందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. స్పీడ్ బోటు పూర్తి వేగంలో నీటి మీద తేలి జారిపోతూ ఉంటుంది, అప్పుడు దాని అల చిన్నది. ముందు చిన్న పడవ కనిపించగానే మంచివాడు కాబట్టి సగం వేగానికి తగ్గిస్తాడు. బోటు ముక్కు లేస్తుంది, వెనకభాగం నీళ్లలో కూరుకుపోతుంది, అన్నిటికన్నా పెద్ద అల అప్పుడే లేస్తుంది. మర్యాద చేశాననుకుంటూ వాడు వెళ్లిపోతాడు, నావవాడు బూతులు తిట్టుకుంటాడు. తగ్గిస్తే ముక్కు పూర్తిగా కిందికి దిగి బోటు నీటిలో సర్దుకునేదాకా తగ్గించాలి. అదీ చాలా ముందుగా. లేకపోతే తన వెనక అల తననే దాటి ముందున్నవాణ్ని కొడుతుంది.

దాటించుకునేవాడికీ ఒక పని ఉంది. ముందు పోతున్న నిదానపు పడవ తన వేగంలో తను సాగిపోతే, వెనకవాడు దాన్ని దాటడానికి అంతకన్నా వేగంగా పోక తప్పదు, అల లేవక తప్పదు. అదే ముందువాడు యంత్రం బాగా తగ్గించేస్తే వెనకవాడు నిదానంగానే పక్కనుంచి వెళ్లిపోగలడు. దాటిన తర్వాత ముందువాడు మెల్లిగా అవతలివాడి వెనక నున్నగా ఉన్న నీళ్లలోకి జరిగిపోతే చాలు, కుదుపు ఉండదు. తెరచాప పడవలవాళ్లూ మోటారు బోటులవాళ్లూ ఒకరినొకరు తిట్టుకునే సందర్భాల్లో సగం ఈ చిన్న సర్దుబాటు తెలియక వచ్చినవే. రోడ్డు మీద వెనకనుంచి హారన్ కొడితే స్పీడు పెంచే పౌరుషం మనకుంది. నీటిమీద దాన్ని ఒడ్డున వదిలి రావాలి.

ఈ అలను దేశాలు ఎలా అదుపు చేశాయన్నది చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి అంకె. ఇంగ్లండు ఇరుకు కాలువల్లో గంటకు 4 మైళ్లు, అంటే 6.4 కిలోమీటర్లు. ఆటుపోట్లు చేరని ఎగువ థేమ్స్‌లో 8 కిలోమీటర్లు. వెనిస్ చిన్న కాలువల్లో 5. అంకె పెట్టడం సులువు, పట్టుకోవడమూ సులువే. అయినా వెనిస్ తన అలల బాధనుంచి బయటపడలేదు. అక్కడ నిలువు రాతిగోడలు అలను మింగవు, తిప్పికొడతాయి. ఒక బోటు వెళ్లిపోయాక కూడా నీళ్లు కాలువలో ఇటూ అటూ కొట్టుకుంటూనే ఉంటాయి. గోడల అడుగున సున్నం కరుగుతుంది, గొండోలా నడిపేవాడు తూగుతాడు. 2019 జూన్‌లో ఎంఎస్‌సీ ఒపేరా అనే భారీ క్రూయిజ్ ఓడ రేవులో ఒక యాత్రికుల పడవను గుద్దింది. 2021 ఆగస్టునుంచి అలాంటి భారీ ఓడలను జుదెక్కా కాలువలోకి రానివ్వడం ఆపేశారు. ఇసుక గట్టు అలను మింగుతుంది, రాయి తిప్పికొడుతుంది. పాపికొండల మధ్య గోదావరి ఇరుకైనచోట మన లాంచీలకూ వర్తించే సంగతే ఇది.

రెండో దారి ఫ్లోరిడాది. అక్కడి కొన్ని బోర్డుల మీద అంకె ఉండదు, పడవ ఎలా కనిపించాలో ఉంటుంది. ఒక రకం ప్రాంతంలో చుక్కాని పనిచేయడానికి చాలినంత వేగమే, అల అసలు లేవకూడదు. ఇంకోరకంలో పడవ పూర్తిగా నీటిలోకి దిగి, బల్లపరుపుగా, ముక్కు ఎత్తకుండా పోవాలి. ఒడ్డున కూర్చున్న పోలీసుకు వేగం కొలిచే తుపాకీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. నీళ్ల అడుగున మెల్లగా తిరిగే మనాటీ అనే జంతువులు పడవల కింద పడి చావకుండా కూడా ఈ బోర్డులు పనికొస్తున్నాయి. పైగా నువ్వు లేపిన అల చేసిన నష్టానికి నువ్వే జవాబుదారీ అని అమెరికాలో బోటు నేర్పే ప్రతి పాఠంలోనూ చెబుతారు. వేసవి శనివారాల్లో అక్కడి సరస్సుల మీద పాంటూన్ బోటు అద్దెకు తీసుకుని బిర్యానీ డబ్బాలతో బయల్దేరే మనవాళ్లు, అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ ఒక్క వాక్యం చదివితే మేలు. నా ఓటు ఈ రెండో దారికే. ఒకే వేగంలో ఒక పడవ గీతంత అల లేపితే ఇంకోటి గోడంత లేపుతుంది. లోతు మారితే ఒకే పడవ రెండూ చేస్తుంది. కొలవాల్సింది నీళ్లను.

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కడుంది? కేరళ కొంత ఆలోచించింది. అలప్పుళలో సాయంత్రం అయిదున్నరకల్లా హౌస్‌బోట్లు లంగరేయాలి, ఎందుకంటే ఆ తర్వాత నీళ్లు చేపలవాళ్లవి, వలలు పడతాయి. దాటే మర్యాదను కాలంతో పంచిన పద్ధతి ఇది. ఆంధ్ర తీరంలో చోటుతో పంచారు. 1994 నాటి సముద్ర చేపల వేట చట్టం కింద ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల దాకా తెప్పలకూ సంప్రదాయ పడవలకూ వదిలి, యంత్రపు ట్రాలర్లు అవతల వేటాడాలి. కాగితం మీద గీత బాగుంది. విశాఖ, కాకినాడ రేవుల్లో చినిగిన వల పట్టుకుని పంచాయితీకి వచ్చేవాళ్లను అడిగితే గీత ఎంత పలచనో తెలుస్తుంది.

నదుల్లో ఇలాంటి పంపకం లేదు. ఇక్కడ మన చట్టాలు కదిలిందల్లా శవాలు లేచాకే. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగాయి. అవి ఒక పడవ ఇంకోదాన్ని దాటిన ప్రమాదాలు కావు. కాబట్టి ఆ తర్వాత వచ్చిన కట్టుదిట్టాలన్నీ లైఫ్ జాకెట్ల చుట్టూ, ఎక్కే జనం లెక్క చుట్టూ, నీటిమట్టం చుట్టూ తిరిగాయి. 2020లో రేవుల దగ్గర తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టారు. మంచిదే. అయితే అవన్నీ లాంచీలో ఉన్నవాళ్ల కోసం. లాంచీ పక్కనుంచి పోయేటప్పుడు నావలో ఉన్నవాడి కోసం ఏమీ రాలేదు. శ్రీశైలం, సాగర్ నీళ్లలో పుట్టి వేసుకుని వేటకు పోయేవాళ్ల సంగతి మరీ కష్టం. గుండ్రటి పుట్టికి మొన ఉండదు, అల వైపు తిప్పుకోవడానికి. అల ఎటు తోస్తే అటు తిరుగుతుంది.

ఇది ముందు ముందు తగ్గే ప్రశ్న కాదు. 2016 చట్టం 111 జాతీయ జలమార్గాలను ప్రకటించింది. మన వాటాలో ముఖ్యమైనది నాలుగో నంబరు మార్గం: కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి, వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణ. ఆ కాలువలు కాటన్ కాలంనుంచీ పడవలవే. గట్టు మీద మనుషులు తాడుకట్టి లాగిన రోజుల్లో అల అనే బాధ లేదు, నడిచే మనిషి కన్నా పడవ వేగంగా పోదు కదా. అదే కాలువలో బరువు బార్జీలు నడిస్తే ఏం జరుగుతుందో రస్సెల్ ఎప్పుడో చూపించాడు. మట్టి గట్లు కోసుకుపోతాయి, గట్టుకు కట్టిన నావలు తాళ్లు తెంపుకుంటాయి.

1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. అందులో ఒక మంచి సంగతి, యంత్రం లేని పడవలకూ ఒక అధ్యాయం ఉంది. వాటిని నమోదు చేసే పనిని స్థానిక సంస్థలకు అప్పగించే వీలుంది. తెడ్డు పడవ కేంద్ర చట్టంలో మనిషిలా కనిపించింది. పంచాయతీ ఆ పుస్తకం తెరిస్తే పడవ నంబరుతో పాటు వేట ఏ రేవునుంచి ఏ మలుపుదాకా అన్నది కూడా రాసుకోవచ్చు. సరంగు లైసెన్సు పరీక్షలో జాకెట్ల సంఖ్యతో పాటు, ముక్కు దిగేదాకా తగ్గించడం ఎలాగో నీటిమీద చేసి చూపించమనవచ్చు. లంకల పక్కన, ఇరుకు మలుపుల్లో ఫ్లోరిడా తరహా బోర్డులు తెలుగులో పెట్టవచ్చు. గండి పోచమ్మ దగ్గర లాంచీ కదిలేముందు జనాన్ని లెక్కపెట్టే ఉద్యోగి, ఆ పూట ఎక్కడెక్కడ వలలున్నాయో కూడా సరంగుకు చెప్పి పంపవచ్చు. ఆ సమాచారానికి కొత్త శాఖ అక్కర్లేదు. రేవు టీ కొట్టు దగ్గర తెల్లారేసరికే అందరికీ తెలిసిపోయి ఉంటుంది.